పైపులో ఖాళీ ఉందిగా!

గ్యాసు బండలో ఇంకా ఎంత మిగిలిందో ఎలా చూస్తారు మీరు? తడిగుడ్డతో తుడిచి, చెమ్మ ఎక్కడిదాకా నిలుస్తుందో కనిపెట్టేవాళ్ళు కొందరు. బండని కాస్త వంచి చూసి “ఇంకో పదిరోజులు పరవాలేదు” అనేవాళ్ళు కొందరు. అన్నానికి ఎసరు వేలి కణుపుతో కొలిచే జాతి మనది. లెక్క తప్పినా మహా అయితే ఆ పూట పక్కింటి పొయ్యి అరువు!

పెట్రోలు బంకులో అలా కుదరదండీ. వేల లీటర్ల సరుకు భూమిలో పాతిన టాంకులో ఉంటుంది. పైకి కనబడేది మూత ఒక్కటే. తణుకు దగ్గర మా బంకులో ఆ లోపలి సంగతి ఏళ్ళ తరబడి ఒక కొలత కడ్డీయే చెప్పేది. మా దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దాయన, నేను బాబాయ్ అనే పిలుస్తాను, తెల్లవారుతూనే కడ్డీని టాంకులోకి దించి, తడి ఎక్కడిదాకా అంటిందో చూసి, ఆ సెంటీమీటర్లను చార్టు ప్రకారం లీటర్లలోకి మార్చేవాడు. చార్టు దేనికంటారా? టాంకంటే పడుకోబెట్టిన పీపా కదా. దాని నడుం దగ్గర సెంటీమీటరూ, అడుగున సెంటీమీటరూ సమానం కావు. అనుమానముంటే ఆవకాయ జాడీని పక్కకి పడుకోబెట్టి చూడండి. నూనె నా పూచీ కాదు సుమా!

ఇప్పుడు ఆ పనికి గోడకు తగిలించే పెట్టె వచ్చింది. కన్సోల్ అంటారు. టాంకులో నిలువునా ఒక కడ్డీ, దాని మీద పైకీ కిందికీ జారే రెండు బెండులు. ఒకటి పెట్రోలు మీద తేలుతుంది, రెండోది అడుగున చేరిన నీళ్ళమీద. వాటిలో అయస్కాంతాలుంటాయి. కడ్డీలోని తీగ గుండా చిన్న కరెంటు అదురు పంపితే అయస్కాంతం ఉన్నచోట తీగ వణుకుతుంది. ఆ వణుకు పైకి చేరడానికి పట్టే కాలాన్ని బట్టి ఎత్తు తేలుస్తుందన్నమాట. నూతిలో రాయి వేసి చప్పుడయ్యేదాకా లెక్కపెట్టినట్టే. వేడి ఎంతో కూడా చూస్తుంది. పదివేల లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే పది పన్నెండు లీటర్లు తగ్గుతుంది మరి. ఆ తగ్గిన లీటర్లు ఎవరు తాగారంటూ ఇదివరలో ఎన్ని చూపులు ఎవరెవరి మీదికి పోయాయో! బాబాయ్ అవన్నీ నోరెత్తకుండా భరించాడు.

పెట్టె కొనడం ఒక ఎత్తు, కలపడం ఒక ఎత్తు.

“అమ్మగారూ, పంపు కరెంటు వైర్లు పోయే పైపులో బోలెడు ఖాళీ ఉందండీ. ఈ రెండు తీగలూ అందులోంచే లాగేస్తాను. నేల తవ్వక్కర్లేదండి” అన్నాడు వైర్‌మన్ కుర్రాడు. నేల తవ్వక్కర్లేదనగానే మావారి ముఖం వికసించింది.

పెట్టెతో వచ్చిన ఇంజనీరు పాతికేళ్ళ పిల్ల. “ఆ పైపులో వేస్తే నేను సంతకం పెట్టనండీ” అంది నెమ్మదిగా. టాంకులోకి పోయే తీగల్లో కరెంటు ఎంత స్వల్పమంటే, తెగి రవ్వ పుట్టినా పెట్రోలు ఆవిరి అంటుకోదట. అంతకుమించి పోకుండా పెట్టెలోనే అడ్డుకట్ట ఉంటుంది. అటువంటి తీగని 230 వోల్టుల వైరు పక్కన పడుకోబెడితే? ఎలక కొరికినా, తొడుగు అరిగినా ఆ కరెంటు తిన్నగా టాంకులోకే దారి చూసుకుంటుంది. మా అత్తగారి మడిబట్టలా ఆ తీగకి దండెం వేరే ఉండాలన్నమాట! ఈ మడికి మాత్రం నేను పూర్తిగా కట్టుబడ్డాను.

నాలుగు రోజులు తవ్వకం. వేరే పైపు వేశారు. ఆవిర్లు పాకి గదిలోకి రాకుండా పైపు నోట్లో సీలుమందు కూరారు. మాన్‌హోల్‌లో వాన నీరు నిలుస్తుంది కనక జాయింట్లకు తడి చొరబడని జెల్లు డబ్బాలు తొడిగారు. రేపు కడ్డీని పైకి తీయాల్సివస్తే ఇబ్బంది లేకుండా మూరెడు తీగ అదనంగా చుట్టి వదిలారు. పెట్టెకి విడిగా ఒక బ్రేకరు, సరైన ఎర్తింగు. ఇవన్నీ అయ్యాక చార్టులోని అంకెలు దానికి ఎక్కించి, మొదటి కొలతను బాబాయ్ కడ్డీతోనే సరిచూశారు.

“దానికి అక్షరాభ్యాసం చేసింది నా కడ్డీయే గదమ్మా!” అన్నాడు బాబాయ్.

మొన్నటి వానాకాలంలో ఒకనాటి రాత్రి రెండింటికి ఆ పెట్టె కూతపెట్టింది. నీళ్ళ బెండు లేచింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు కదా, 2025లో అది 20 శాతానికి చేరింది. ఇథనాలుకి నీళ్ళంటే మహా ప్రీతి. నీళ్ళు తగినన్ని దొరికితే పెట్రోలుని వదిలేసి వాటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. పంపు లాగేదీ అడుగునుంచే. బాబాయ్ గొడుగు కింద కడ్డీ చివర నీళ్ళు పసిగట్టే మందు రాసి దించాడు. రంగు మారింది. అమ్మకం ఆపేశాం. తెల్లవారి చూస్తే, సరుకు పోసే గొట్టం మూతకున్న రబ్బరు చీలిపోయి ఉంది. పొద్దున్నే ఆస్పత్రి డ్యూటీకెళ్ళే నర్సమ్మ స్కూటీకి పెట్రోలు లేదన్నందుకు నన్ను నాలుగు మాటలంది. పడ్డాను.

అడుగు సరుకు తోడి, రబ్బరు మార్చి, మర్నాటికి అమ్మకం మొదలుపెట్టాం. బాబాయ్ ఇప్పటికీ తెల్లవారుతూనే కడ్డీ దించుతాడు. గదిలోంచి కుర్రాడు పెట్టెలోని అంకె చదవబోతే చెయ్యెత్తి ఆపుతాడు.

“ఆగరా. ముందు నాది రాసుకో.”