గీత దాటిన తర్వాత: పొన్నూరు ప్రయాణం

మాఘమాసం పెళ్ళిళ్ళ హడావుడిలో వుండగా పొన్నూరునుంచి మా అక్కయ్య ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ! నీ మేనల్లుడు హైదరాబాదునుంచి దిగాడు. మద్రాసులో మోటారుసైకిలు పందేనికి పేరిస్తాట్ట. మీ బావగారు ఔననరు, కాదనరు. నాకు రాత్రిళ్ళు నిద్రపట్టడంలేదు. నువ్వొచ్చి వాడికి నాలుగు మాటలు చెప్పి పో" అన్నది.

తోబుట్టువు పిలిస్తే వర్జ్యం చూసుకుంటామా? మర్నాడే ప్రయాణం కట్టాను. తీరా చూస్తే, నా మాటలు వినవలసిన కుర్రవాడే కారు వేసుకుని ఒంగోలు వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. మంచి మాటలు చెప్పబోయేవాడికి ఇది మొదటి ఓటమి.

ఒంగోలునుంచి పొన్నూరుకు చీరాల, బాపట్లల మీదుగా పోవడం దగ్గర. మావాడు మాత్రం జాతీయ రహదారి పట్టించాడు. "మీకొకటి చూపించాలి మామయ్యా" అన్నాడు. కొరిశపాడు దగ్గర కారు నెమ్మది చేశాడు. అక్కడ రోడ్డు సుమారు నాలుగు కిలోమీటర్ల మేర నూలుపోగు పట్టి గీసినట్లు తిన్నగా వున్నది. అవసరం వచ్చినప్పుడు విమానాలు దిగేటందుకు దాన్ని అలా కట్టారు. 2022 డిసెంబరు 29న వాయుసేనవారి విమానాలు వచ్చి ఈ దారిని పరీక్షించి వెళ్ళాయి. 2024 మార్చిలో మరోసారి వచ్చాయి.

"ఎంత తిన్నగా వుందో చూశారా!" అన్నాడు మావాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"విమానానికి ఇంత పొడుగెందుకురా?" అన్నాను.

"దిగాక ఆగద్దూ?" అని నవ్వాడు.

ఆ జవాబును మనసులో పెట్టుకున్నాను. అది ముందుముందు పనికివస్తుందని అప్పటికి నాకు తెలియదు.

మార్టూరు దగ్గర పెద్దరోడ్డు వదిలి పర్చూరు మీదుగా బాపట్లవైపు తిరిగాం. అంతా నల్లరేగడి. ఒకపక్క శనగ, ఒకపక్క పొగాకు, మధ్య మధ్య మిరపతోటలు. కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్ర తివాచీ పరచినట్లున్నాయి. ఆ ఘాటుకు నాకు తుమ్ములు, మావాడికి నవ్వులు. బాపట్ల దాటితే నేల తీరు మారుతుంది. కృష్ణ నీళ్ళు పారే మాగాణి. వరికోతలు ముగిసి, ఆ చేలల్లోనే మినుము పచ్చగా పరుచుకుని వున్నది.

దారిలో మావాడు తన పందెం సంగతి చెప్పాడు. దాన్ని డ్రాగ్ రేసు అంటారు. రెండు బండ్లను పక్కపక్కన నిలబెడతారు. ఎదుట దీపాల స్తంభం. పచ్చదీపం వెలగగానే రెండూ దూకుతాయి. మలుపుల్లేవు, చుట్లు లేవు. పాత లెక్క ప్రకారం పావుమైలు, అంటే 1,320 అడుగులు. ముందుగా గీత దాటినవాడిది గెలుపు. మనం తాంబూలం చుట్టుకునేలోపల అంతా అయిపోతుంది.

ఈ సరదా అమెరికాలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అక్కడి కుర్రకారు పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి వీధుల్లో పందేలు వేసేవారు. వీధుల్లో చచ్చేకంటే ఒక కట్టుబాటుతో మైదానంలో పరుగెత్తడం మేలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టాడు. యుద్ధంతో పని తీరిన విమానాశ్రయాలు వాళ్ళకు పందెపు బాటలయ్యాయి. మనవైపూ అంతే. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల బాటమీదనే ఏళ్ళ తరబడి కారు పందేలు, మోటారుసైకిలు పందేలు జరిగాయి. ఆ తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో ఇందుకోసమే ఒక బాట కట్టారు. మావాడు పోదలచినది అక్కడికే.

పొన్నూరు చేరేసరికి మధ్యాహ్నమయింది. రైల్లో వచ్చేవారు ఈ ఊరికి దిగవలసిన స్టేషను పేరు నిడుబ్రోలు. రైతు నాయకుడు ఆచార్య రంగాగారు 1900లో పుట్టిన ఊరది. కొత్తవారికి ఎక్కడ పొన్నూరు అయిపోయి ఎక్కడ నిడుబ్రోలు మొదలవుతుందో అంతుపట్టదు. సహస్రలింగేశ్వరుని ఆలయంలో 24 అడుగుల ఆంజనేయుడూ, 30 అడుగుల గరుత్మంతుడూ వున్నారు. ఇద్దరూ వేగానికి పెట్టింది పేరు. మావాడు ఇద్దరికీ దండం పెట్టాడు. దేనికి పెట్టాడో నాకు తెలుసు.

అక్కయ్య నన్ను చూచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. బావగారు మాత్రం నవ్వి, "ముందు భోజనం చెయ్యి బావా. సాయంత్రం పక్క ఊళ్ళో బండలాగుడు వున్నది. పోయివద్దాం" అన్నారు.

ఎరుగని వారికోసం బండలాగుడు ఏమిటో చెబుతాను. ఒంగోలు జాతి గిత్తల జతకు కాడి కట్టి, గొలుసుతో పెద్ద రాతిబండ తగిలిస్తారు. ఎద్దుల వయసునుబట్టి రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని తరగతులు. బండ బరువు తరగతిని బట్టి పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. బాట చివరకు పోయాక జతను తిప్పుకుని మళ్ళీ లాగించుకు రావాలి.

మేం వెళ్ళేసరికి కోసిన వరిచేలో జనం కిటకిటలాడుతున్నారు. తెల్లని గిత్తలు, నల్లని మూపురాలు, కొమ్ములకు రంగు కుచ్చులు. పచ్చజెండా వూపగానే తోలేవాళ్ళు కేకలు వేశారు. గిత్తలు మోకాళ్ళు వంచి ఒక్క ఊపున బండను కదిలించేసరికి నాకే వొళ్ళు జలదరించింది. దుమ్ము లేచింది. నా పక్కనున్న ఒక పెద్దాయన, బండను తానే లాగుతున్నట్లు పళ్ళు బిగించి ముందుకు వంగిపోయాడు.

"డ్రాగ్ అంటే లాగడమే కదరా? అయితే మనదీ, మీదీ ఒకటే పందెం" అన్నారు బావగారు కొడుకుతో. వాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు. బాట చివరకు వేలు చూపించారు.

అక్కడ సున్నపు గీత వున్నది. గీత అవతల చాలా దూరం వరకు జనం లేరు. మోకులు కట్టి ఆపారు. ఇద్దరు మనుషులు గిత్తల ముక్కుతాళ్ళు అందుకునేటందుకు సిద్ధంగా నిలబడివున్నారు.

"నా చిన్నతనంలో ఆ మోకులు లేవు. జనం గీతమీదనే నిలబడేవాళ్ళు. ఒకసారి బెదిరిన జత ఆగకుండా జనంలోకి పోయింది. ఒక పిల్లవాడి కాలు బండకింద నలిగింది. మరుసటేడునుంచి మోకులు కట్టారు. ఎద్దుకు గీత తెలియదు బావా. గీత మనకు. ఎద్దుకు తెలిసిందల్లా లాగడమే" అన్నారు ఆయన.

మళ్ళీ తనే అన్నారు: "అయినా ఇక్కడ ఒక మేలున్నది. ఎద్దు ఆగితే బండ ఆగుతుంది. బరువే దానికి బ్రేకు. చక్రాలమీద నడిచేదానికి అదే బరువు శత్రువు."

ఆ రాత్రి వసారాలో కూర్చున్నాం. అక్కయ్య ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ గడప దగ్గర కూర్చున్నది. మావాడు తనకు తెలిసిందంతా దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అమెరికాలో స్కాట్ కలిట్టా అని పేరుపొందిన పందెగాడు వుండేవాడు. 1994లోను, 1995లోను అక్కడి అగ్రశ్రేణి పందెంలో విజేత. 2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్ బాటమీద పరుగెత్తుతుండగా, గీత దగ్గరపడే సమయంలో ఇంజను పేలి మంటలు లేచాయి. బండి వేగం గంటకు 300 మైళ్ళ ప్రాంతం. వెనక విచ్చుకుని బండిని నిలువరించవలసిన పారాచూట్లు పనికిరాకుండా పోయాయి. చివరనున్న ఇసుకమడుగు దాన్ని ఆపలేకపోయింది. బండి అవతల వున్నవాటిని గుద్దుకున్నది. అతనికి 46 ఏళ్ళు.

రెండు వారాలు తిరగకుండా పందెపు సంఘం ఒక నిర్ణయం తీసుకున్నది. అత్యధిక వేగపు తరగతులు రెండింటికి పరుగు 1,320 అడుగులనుంచి 1,000 అడుగులకు తగ్గించారు. అంటే గీతను 320 అడుగులు వెనక్కు జరిపారు. బాట అంతే వున్నది. ఆగేటందుకు జాగా పెరిగింది. గంటకు 300 మైళ్ళంటే సెకనుకు 440 అడుగులు. ఆ 320 అడుగులు ముక్కాలు సెకను పాటి దూరం. ప్రాణానికీ చావుకూ మధ్య ఆ ముక్కాలు సెకను కోసం అంతటి ఆటనే మార్చుకున్నారు. ఇంజను పేలితే దానంతటదే ఆగి, పారాచూట్లు వాటంతటవే విచ్చుకునే ఏర్పాట్లు కూడా తర్వాత వచ్చాయి.

అయినా మనిషి ఆశ చూడండి. కురచ చేసిన బాటమీదనే ఇప్పుడు వేగం గంటకు 330 మైళ్ళు దాటింది. గీత వెనక్కు జరిగిందని ఇంజను వూరుకోదు గదా!

ఇంకొక కథ కూడా చెప్పాడు. 1970 మార్చిలో కాలిఫోర్నియాలో డాన్ గార్లిట్స్ అనే పందెగాడి బండిలో గేర్ల పెట్టె పేలి, అతని కుడిపాదంలో కొంతభాగం తెగిపోయింది. ఆ రోజుల్లో ఇంజను మనిషికి ముందు వుండేది. పేలితే ముక్కలన్నీ మనిషిమీదకే. ఆసుపత్రి మంచంమీద పడుకుని అతడు ఇంజను వెనకవైపుండే బండిని ఆలోచించాడు. 1971లో దానితోనే గెలిచాడు. మిగతావారంతా అదే దారి పట్టారు.

"చూశారా మామయ్యా, ఒక్కొక్క ప్రమాదం నుంచి ఒక్కొక్క రక్షణ పుట్టింది" అన్నాడు మావాడు.

గడప దగ్గరనుంచి అక్కయ్య తలెత్తకుండానే అన్నది: "ఆ రక్షణ పుట్టడానికి ముందు పోయినవాడికీ ఒక తల్లి వుండేవుంటుంది."

కొంతసేపు ఎవరం మాట్లాడలేదు.

మద్రాసు బాటమీద జరిగినవీ దాచవలసినవి కావు. 2023 జనవరి 8న అక్కడి కారు పందెంలో కె.ఇ. కుమార్ అనే అనుభవజ్ఞుడు 59వ ఏట మరణించాడు. ఆ ఏడే ఆగస్టు 5న మోటారుసైకిలు పందెంలో బెంగుళూరు బాలుడు, పదమూడేళ్ళవాడు, పడి పోయాడు. అన్ని ఏర్పాట్లూ వున్నచోటనే ఇలా జరిగితే, ఏ ఏర్పాటూ లేని రోడ్డుమీద సంగతి చెప్పాలా? 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుమీద క్రికెటర్ అజారుద్దీన్‌గారి కుమారుడు పందొమ్మిదేళ్ళ అయాజుద్దీన్ నడుపుతున్న పెద్ద మోటారుసైకిలు పడిపోయి, అతనూ, వెనక కూర్చున్న బంధువుల పిల్లవాడూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

"నువ్వు ఆ రోడ్డుమీద ఎప్పుడైనా పందెం వేశావట్రా?" అన్నాను.

మావాడు తల వంచుకున్నాడు. "రెండుసార్లు" అన్నాడు.

అక్కయ్య చేతిలోని మిరపకాయ అలాగే వుండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో భయపడవలసిన పందెం మద్రాసుది కాదు. ఎవరికీ చెప్పకుండా జరిగిపోయినదది. మద్రాసులో కనీసం తలకు హెల్మెట్టు వుందా, వొంటికి తోలుదుస్తులున్నాయా అని చూచేవారున్నారు. అంబులెన్సు నిలబడివుంటుంది. ఎదురుగా లారీ రాదు. రోడ్డుమీద గీతా లేదు, గీత అవతల జాగా అసలే లేదు.

అప్పుడు నాకు కొరిశపాడు గుర్తుకువచ్చింది. "విమానానికి నాలుగు కిలోమీటర్లు ఎందుకన్నావురా పొద్దున?" అన్నాను.

"దిగాక ఆగడానికి" అన్నాడు మెల్లగా.

"వేగం రెట్టింపయితే ఆగే దూరం?"

"నాలుగింతలు."

"ఇంత తెలిసినవాడివి. గెలుపు గీతవరకే లెక్క వేసుకున్నావు. ఇంటికి రావడం గీత దాటిన తర్వాత సంగతి."

అక్కయ్య లేచి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నది. "పోవద్దని నేననను. అంటే నాకు చెప్పకుండా పోతావు. ఒక్కటి అడుగుతాను. గీత దాటాక ఎంత జాగా వున్నది? ఆ చివర ఏమున్నది, గోడా, ఇసుకా? జనాన్ని ఎంత దూరంలో ఆపుతారు? ఈ మూడూ నీ కళ్ళతో చూచివచ్చి నాకు చెప్పు. తర్వాత పేరివ్వు" అన్నది. ఎన్ని పుస్తకాలు చదివినా నేను ఇంత బాగా అడగగలిగేవాణ్ణి కాను.

తెల్లవారి అందరం భావనారాయణస్వామి కోవెలకు పోయాం. ఇక్కడి స్వామిని సాక్షి భావనారాయణుడంటారు. నేను చిన్నప్పుడు విన్న కథలో, కాశీయాత్రలో ఒక మామ మేనల్లుడికి పిల్లనిస్తానని స్వామి ఎదుట మాట ఇచ్చి, ఇంటికి వచ్చాక తప్పబోతే స్వామే వచ్చి సాక్ష్యం చెప్పాడు. అందులో మాట ఇచ్చినవాడు మామ. మా యింట్లో తిరగబడింది, మాట ఇచ్చినవాడు మేనల్లుడు. "రోడ్డుమీద ఇంకెప్పుడూ పందెం వేయను. అమ్మ అడిగినవి చూడకుండా మద్రాసులో బండి ఎక్కను" అన్నాడు స్వామి ఎదుట. బావగారు అప్పుడు మొదటిసారి కొడుకు భుజంమీద చెయ్యి వేశారు.

సాయంత్రం నిడుబ్రోలులో రైలెక్కాను. వచ్చే వారం మావాడు మద్రాసు పోతున్నాడు, ఈసారికి చూడటానికి మాత్రమే. మోటారుసైకిలు పొన్నూరులో వసారాలో వుంటుంది. తాళంచెవి అక్కయ్య కొంగున ముడివేసి వున్నది. వాడు తెచ్చే మూడు జవాబులకోసం ఆమె ఎదురుచూస్తున్నది.