తకియా కింద జర్దా పొట్లం

మా చెల్లెలికి ఏడో నెల పడితే, సత్వాసా రస్మ్ కోసం అత్తారింటి నుంచి కారంచేడు తీసుకొచ్చాం. చేతుల నిండా పచ్చ గాజులు, ఇంటి నిండా చుట్టాలు. మర్నాడు పక్క దులుపుతుంటే తకియా గలీబులోంచి జర్దా పొట్లం జారిపడింది.

"కడుపులో బిడ్డను పెట్టుకుని ఈ జహర్ తింటావా? బేషరమ్!" అంది అమ్మీ. నేనూ తక్కువేం తినలేదు. అనాల్సినవన్నీ అన్నాను.

ఆ రోజు నుంచి పొట్లం మళ్లీ కనబడలేదు. తౌబా చేసుకుందని మేం ఖుష్. అది తకియా కింద నుంచి గుసల్‌ఖానాలోకి మారిందని తర్వాత తెలిసింది.

మా వైపు నల్లరేగడిలో బర్లీ పొగాకు వేస్తారు. కోసిన ఆకును తోరణాలుగా గుచ్చేది ఎక్కువగా ఆడకూలీలే. చదువు ఆగిపోయాక చెల్లెలూ ఆ పనికి వెళ్లింది. ఆకలి తెలియకుండా ఉంటుందని పక్కన కూర్చున్న ఖాలా ఒకామె చిటికెడు జర్దా ఇచ్చింది. అలా మొదలైంది. నోట్లో వేసుకోకపోయినా, తడిసిన పచ్చాకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరగడం, వాంతులు అందుకే.

ఇక మన ఇళ్ల సంగతి. దాదీ నోట్లో జర్దా ఉంటే తహజీబ్. అదే కోడలి నోట్లో ఉంటే ఐబ్!

నికోటిన్ మావిని దాటి బిడ్డను చేరుతుంది. నమిలే పొగాకు వాడే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ కడుపులోనే పోవడం ఎక్కువ. ఇది నిజం. కానీ ఈ నిజాన్ని తిట్టులా చెబితే తల్లి దాన్ని వినదు, దాక్కుంటుంది.

సర్కారీ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు తీసుకెళ్లాం. "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగితే చెల్లెలు అమ్మీ వైపు చూసి "లేవు" అంది. రక్తం చూస్తే 8 గ్రాములే. నర్సమ్మకు ఏం అర్థమైందో, "మీరిద్దరూ కాస్త బయట కూర్చోండమ్మా" అంది.

పది నిమిషాలయ్యాక మమ్మల్ని పిలిచింది. చెల్లెలి కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం తేలికపడింది. నర్సమ్మ ఒక్క మాట కూడా దెప్పలేదు. ఏ వేళకు మనసు లాగుతుందో అడిగింది. అన్నం తిన్నాక అయితే సోంపో యాలక్కాయో నమలమంది, ఒంటరిగా ఉన్నప్పుడు అయితే ఎవరికైనా ఫోన్ చేయమంది. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న ఉచిత నంబరు 1800-11-2356 రాసిచ్చింది. తర్వాత అమ్మీ వైపు తిరిగి, "మీ నోరెందుకమ్మా అంత ఎర్రగా ఉంది?" అంది. అమ్మీ దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పాన్‌దాన్ సందూక్‌లోకి పోయింది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పొగాకు ఏ రోజు మానినా బిడ్డకు మేలే. సారా, నల్లమందు జాతి మత్తులు, నిద్రమాత్రలు మాత్రం అలా కాదు. వాటికి అలవాటుపడిన గర్భిణి సొంతంగా ఒక్కసారిగా మానేస్తే తల్లికీ బిడ్డకూ ఖత్రా, సారా, నిద్రమాత్రల విషయంలో ఫిట్స్ కూడా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది: నల్లమందు జాతి మత్తుకు అలవాటైన గర్భిణికి డాక్టరు కనిపెట్టుకుని ఉండి మెథడోన్ గానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ ఇవ్వాలి, నిద్రమాత్రలైతే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాలి. గదిలో పెట్టి గడియ వేయడం ఇలాజ్ కాదు, జుల్మ్.

తనకో బిడ్డకో హాని జరుగుతుందని భయముంటే గర్భిణికి రోజా విషయంలోనే మన దీన్ రుఖ్సత్ ఇచ్చింది. అంతటి ఫర్జ్‌లో రహమ్ ఉన్నప్పుడు మన నాలుకకు ఎందుకు లేదు?

బిడ్డ 2 కిలోల 300 గ్రాములతో పుట్టాడు. "ఆపా, నా వల్లేనా?" అని అడిగింది చెల్లెలు. రక్తం తక్కువ, జర్దా, కూలి పని, వీటిలో దేని పాలు ఎంతో ఎవరు చెప్పగలరు? అబద్ధం చెప్పలేక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మొన్న ఫోన్ చేసింది. "ఆపా, నెల తర్వాత ఇవాళ ఒకసారి వేసుకున్నాను."

నోటి దాకా వచ్చిన తిట్టును మింగేసి, "చెప్పావు కదా, మంచి పని చేశావు. బాబు పాలు తాగాడా?" అన్నాను.