ఆమడల లెక్క

మా కణేకల్లులో వెనుకటి తరం పెద్దలు దూరాన్ని ఆమడలలో చెప్పేవారు. ఆమడ అంటే ఇంచుమించు 8 మైళ్లు. హగరి ఇసుకలో బండి దిగబడితే కోసెడు దూరానికి పూటంతా పట్టేది. అందుకే గట్టినేల ఉన్న చుట్టుదారినే పోయేవారు. దారి పొడవైనా ముందుగా చేరేవారు.

నా తమ్ముడు ఉద్యోగరీత్యా అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డాడు. అక్కడి నుండి బెంగళూరుకు ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే దాదాపు 14,000 కిలోమీటర్లు. వెయ్యి ఆమడలకు పైమాటే. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియా ఆ నగరం నుండి బెంగళూరుకు ఎక్కడా ఆగని విమానాన్ని తొలిసారి నడిపింది. నడిపినవారందరూ స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి తదితరులు దానిని ఉత్తరధ్రువం మీదుగా తెచ్చి, సుమారు 17 గంటల ప్రయాణానంతరం, 11వ తేదీ తెల్లవారకముందే దించారు. గోడమీది పటంలో ఇది వింతదారిగా తోస్తుంది. గ్లోబు మీద ఆ రెండు నగరాల నడుమ దారం బిగించి చూడండి. అది ఉత్తరపు మంచుసీమల మీదుగానే పోతుంది. విమానం పట్టే దారి ఆ దారం కన్నా కొంత పొడవే కావచ్చు. గాలి వాటమైతే ఆ దారిలోనే ముందుగా చేరుతుంది. మా బండివాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

2023 జనవరిలో ఒక గురువారం, నడిరేయి దాటిన తరువాత, మా అవ్వ కాలం చేసింది. తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఫోనులో వాడు, "బుధవారం రాత్రి విమానం ఎక్కుతాను, శుక్రవారం తెల్లవారుజామున దిగుతాను" అన్నాడు.

"బుధవారం నిన్ననే అయిపాయ గదప్పా!" అన్నాడు ఊరిపెద్ద ఒకాయన. పైగా రెండు రాత్రుల ప్రయాణమైతే అంతవరకు ఉంచడం తగదని కొందరన్నారు. నాన్న ఏమీ అనలేక నా వైపు చూశాడు.

నేను పలక తీసుకున్నాను. చలికాలంలో వారి గడియారం మనకన్నా 13 గంటల 30 నిమిషాలు వెనుక. మనకు గురువారం వచ్చినా వారికింకా బుధవారం మధ్యాహ్నమే. వాడు విమానమెక్కే రాత్రి మనకు గురువారం పగలు పదిన్నర. దానికి 17 కలిపితే శుక్రవారం వేకువ. విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, మన వైపే ఉంది కనుక బెంగళూరు నగరంలోకి పోనక్కరలేదు. అయినా లాంఛనాలు ముగించుకొని, పెనుకొండ, అనంతపురం దాటి ఊరు చేరడానికి 7 గంటలు కావాలి. 14,000 కిలోమీటర్లకు 17 గంటలు. 300కు లోపు దూరానికి 7!

"అంటే రేపు పొద్దు నడినెత్తికి రాకముందే గదా" అన్నాడాయన. "ఉంటాంలే."

శుక్రవారం 11 గంటలకు కారు వాకిట ఆగింది. తమ్ముడు వచ్చి అవ్వ పాదాల దగ్గర కూర్చున్నాడు. వాడి చేతి గడియారంలో ఇంకా రాత్రి తొమ్మిదిన్నరే.