రబ్బరుకి గుర్తుంటుంది

మొదటి డెరివేటివ్ అంటే వేగం, రెండోది త్వరణం. ఇంటర్‌లో అందరం బట్టీ పట్టిందే. మరి అర డెరివేటివ్ అంటే? 1695లోనే లైబ్నిజ్, లోపితాల్ ఉత్తరాల్లో ఈ ప్రశ్న ఉంది. నా దాకా తెచ్చింది మాత్రం మా మెకానికల్ రూమ్మేట్. రబ్బరు దిమ్మ మీద పెట్టిన మోటార్ ఎలా కంపిస్తుందో లెక్కకట్టడం వాడి ప్రాజెక్ట్. కోడ్ నాది.

స్ప్రింగ్ బలం ఎంత జరిగిందనే దాన్ని బట్టి ఉంటుంది. అంటే సున్నా డెరివేటివ్. ఆయిల్ డాంపర్‌ది వేగాన్ని బట్టి, అంటే ఒకటోది. రబ్బరు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఫోన్‌లో నాన్నకి చెప్పాను. బండ్లు రిపేర్ చేసే ఆయనకి ఇదేం వింత కాదు. "రబ్బరు ఒకసారి అణిగితే వెంటనే తేరుకోదు రా. దానికి గుర్తుంటుంది" అన్నారు. ఇంగ్లీష్ పేపర్లలో ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది.

గ్రున్‌వాల్డ్-లెట్నికోవ్ పద్ధతిలో ఆ జ్ఞాపకం అంకెల్లోనే కనిపిస్తుంది. ఆర్డర్ 0.5 అయితే ఇప్పటి విలువకి బరువు 1, దాని ముందు అడుగుకి -0.5, ఇంకా ముందు దానికి -0.125, తర్వాత -0.0625. తగ్గుతూ పోతాయి గానీ సున్నా ఎప్పటికీ కావు. కాబట్టి ప్రతి అడుగులోనూ గతం మొత్తాన్ని కూడాలి. లక్ష అడుగులకి దాదాపు 500 కోట్ల గుణకారాలు. అలాంటివి 40 మోటార్ స్పీడ్లకి!

చివరి వెయ్యి అడుగులే ఉంచుకుని మిగతావి వదిలేయొచ్చు. దీన్ని షార్ట్ మెమరీ అంటారు. మర్నాడే రివ్యూ కాబట్టి మావాడికి ఇది తెగ నచ్చింది. నేను ఒప్పుకోలేదు. పైకీ కిందకీ ఊగే భాగంలో పాత విలువలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ మోటార్ బరువుకి రబ్బరు మొదట్నుంచీ అణిగే ఉంది, అది కొట్టుకుపోదు. గతాన్ని కోస్తే లేని బలం ఒకటి ఉన్నట్టు వస్తుంది. ఆర్డర్ 0.5లో ఆ తేడా సగం కావాలంటే జ్ఞాపకం నాలుగు రెట్లు కావాలి. కాసేపు గొడవపడ్డాక రాత్రంతా లాప్‌టాప్ నడిపాం. ఫ్యాన్ మోతకి ఇద్దరికీ నిద్రలేదు.

మీరూ ఓసారి కోడ్ రాసి, 0.5 స్థానంలో 1 పెట్టి చూడండి. బరువులు 1, -1, ఆ తర్వాత అన్నీ సున్నాలే. మనం ఇన్నాళ్లూ చదివిన డెరివేటివ్‌కి నిన్నటి మాట తప్ప ఇంకేదీ గుర్తుండదన్నమాట.