పువ్వుకో వేళ

నల్లరేగడి ఊళ్ళలో వేసవికి రంగులుండవు అనేవాళ్ళు చైత్రంలో ఒకసారి కారియాపట్టి రావాలి. మదురై నుంచి అరుప్పుకోట్టై పోయే దారిలో ఉంది మా ఊరు. ఆ నెలలో చుట్టూ చేలు బీటలువారి ఉంటాయి. ఎండిన చెరువుల్లో సర్కారుతుమ్మ తప్ప పచ్చని ఆకు కనిపించదు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఈ నల్లరేగడి (కరిసల్) నేల కథల్నే జీవితమంతా తమిళంలో రాశారు. దక్షిణానికి వలస వచ్చిన మన తెలుగువాళ్ళ కథ 'గోపల్ల గ్రామం' ఆయనదే. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకాలు చదివినవాళ్ళకి మా నేల అంటే పత్తి, మిరప, వాన కోసం ఎదురుచూపు. ఇళ్ళ ముందూ దొడ్లోనూ మేడమీదా పూసే పూల సంగతి కూడా చెప్పుకోవాలని నా ఆరాటం.

వేసవి పూలకి బిందెడు నీళ్ళు చాలు, వేళ మాత్రం తప్పకూడదు. పెంచేవాళ్ళూ ఫోటో తీసేవాళ్ళూ మొదట నేర్చుకోవలసింది ఇదే. ఏ పువ్వు ఎన్నింటికి విచ్చుకుంటుందో, ఎన్నింటికి ముడుచుకుంటుందో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1751లోనే వరసగా రాసిపెట్టాడు. పూలను చూసి పొద్దు చెప్పవచ్చన్నాడు. అవి చలిదేశపు పూలు. మా దొడ్డి గడియారం వేరు. తెల్లవారితే మందారం, ఎండెక్కాక నాచుపూలు, సాయంత్రం నాలుగు దాటాక చంద్రకాంతం, దీపాలు పెట్టే వేళకి మల్లె.

నాచుపూల దగ్గర కాస్త ఆగుతాను. నర్సరీల్లో టేబుల్ రోజ్ అని అమ్ముతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అయినా మా ఎండకే పుట్టినట్టుంటుంది. సన్నగా కండపట్టిన ఆకుల్లో నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి ఒక పూట తడి అందకపోయినా వాడదు. అయితే నల్లరేగడిలో నేరుగా నాటితే నిలవదు. ఆ మట్టి తడిస్తే ఉబ్బి నీళ్ళు వదలకుండా పట్టుకుంటుంది, వేళ్ళు కుళ్ళుతాయి. ఎండితే బీటలిచ్చి ఉన్న వేళ్ళను తెంపుతుంది. కుండీ అడుగున పెంకులు పరిచి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. శివరాత్రి దాటాక వేలెడు కొమ్మలు తుంచి గుచ్చితే, మదురైలో అళగర్ స్వామి వైగై నదిలో దిగే చైత్ర పున్నమికి కుండీ రంగులతో నిండిపోతుంది. పసుపు, గులాబి, నారింజ, తెలుపు. ఒక్కో పువ్వుకి ఒక్క పూటే ఆయుష్షు. నీడలో పెడితే పూయదు, మబ్బు పట్టిన రోజు సగమే విచ్చుకుంటుంది. విచ్చుకున్న పువ్వు మధ్య కేసరాలను గడ్డిపరకతో మెల్లగా తాకి చూడండి, అవి కదులుతాయి. తేనెటీగ వాలినప్పుడు పుప్పొడి దాని ఒంటికి అంటడానికి ఆ ఏర్పాటు. ఈ కదలిక చూశాక ఎవరూ ఆ కుండీ ముందు నుంచి తొందరగా లేవరు.

చిక్కల్లా కెమెరా దగ్గర వస్తుంది. ఈ పువ్వు పూర్తిగా విచ్చుకునే వేళకి ఎండ నిప్పులు చెరుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో రెక్క మీద సన్నని గీతలు మాయమై, రంగు ఒక మచ్చగా పడుతుంది. దీనికి మా ఇంట్లో వాడే సాధనం నాయన పాత తెల్లపంచె. రెండు కర్రలకి కట్టి కుండీకి పైగా ఎండకి అడ్డం పట్టుకుంటే వెలుగు మెత్తబడుతుంది, పువ్వు మాత్రం ముడుచుకోదు. అది చూసి పక్కింటి పిల్ల, "ఏం అక్కా, పూలకి పందిరేస్తా ఉండావా?" అంది. అవును, పందిరే. పెళ్ళికూతురికి వేసినంత శ్రద్ధగా వెయ్యాలి.

మా నేల తెచ్చే ఇంకో ఇబ్బంది ఉంది. పువ్వు వెనక నల్లమట్టి ఉంటే ఫోను ఆ నలుపు చూసి, వెలుగు చాలలేదనుకుని ఫోటో అంతా తెల్లబరుస్తుంది. ఎర్రమందారం, నారింజ నాచుపువ్వు అప్పుడు వెలిసిపోయినట్టు వస్తాయి. తెర మీద పువ్వుని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరపాలి. నలుపు నలుపుగా దిగి, రెక్కల మీద ఈనెలు తేలతాయి. అదే నల్లమట్టి మీద కాసిని నీళ్ళు చిలకరించి చూడండి. తడిసిన రేగడి ముందు పూసిన రంగుకి ఏ స్టూడియో తెరా సాటి రాదు. ఈ మాట నేను పంతంగా అంటాను.

బిళ్ళగన్నేరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గోడ పగుల్లో కూడా పూస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ మొక్క నుంచే కాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ మందు తీస్తారన్న సంగతి మాత్రం పిల్లలకి చెప్పాలి. కాగితంపూలకి నీళ్ళు తగ్గించేకొద్దీ పూత పెరుగుతుంది. అందులో రంగుగా కనిపించేవి రెక్కలు కావు, పువ్వుని చుట్టుకున్న ఆకులు. అసలు పువ్వు నడుమ తెల్లగా, చిన్నగా ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు వెలుగు వెనకనుంచి పడేలా నిలబడి తీస్తే ఆ ఆకుల ఈనెలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

కనకాంబరానికి వేపచెట్టు నీడ ఇష్టం. ఢిల్లీ కనకాంబరమైతే విత్తు కట్టదు, కొమ్మ కత్తిరించి నాటాలి. నాటు రకానికి విత్తనాలుంటాయి. ఎండిన వెన్ను మీద చుక్క నీళ్ళు పోసి చెవి పెట్టండి. కాయలు చిటపటమని పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. ఆ పువ్వు రంగు ఫోటోలో నిజంగా దిగడం కష్టం. ఒక ఫోను ఎరుపు చేస్తుంది, ఇంకోటి పసుపు చేస్తుంది. అందుకని ఫోటో తీసిన వెంటనే పువ్వుని తెర పక్కన పెట్టి చూసుకోవాలి, రంగు తప్పితే అక్కడే సరిదిద్దుకోవాలి.

ఇక మల్లె. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లె మా చుట్టుపక్కల చేలల్లోనూ పండుతుంది. మొగ్గ విచ్చకముందే, తెల్లవారుజామున కోసి మాట్టుత్తావణి పూలమార్కెట్‌కి పంపుతారు. మార్కెట్‌కి పోయే మల్లె అంతా మొగ్గే. మల్లె విచ్చుకోవడం చూడాలంటే ఇంటి చెట్టు ఉండాలి, కొన్ని మొగ్గలు కోయకుండా వదిలిపెట్టాలి. అవ్వ బతికున్నంతకాలం పడమటి కొమ్మ మొగ్గలు కోయనిచ్చేది కాదు. "చెట్టుకీ కొన్ని ఉండనీ" అనేది. సూర్యుడు దిగి, ఆకాశంలో ఇంకా వెలుగు మిగిలి ఉన్న ఆ కాసేపట్లోనే దాన్ని ఫోటో తీయాలి. ఫ్లాష్ వేస్తే తెలుపు సున్నం కొట్టినట్టవుతుంది. ఫోనుని గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే తెలుపులో దాగిన లేత ఆకుపచ్చ కూడా వస్తుంది.

ఈ పనంతా ఆషాఢం గాలి మొదలవకముందే కానివ్వాలి. పడమటి గాలి లేచిందంటే కొమ్మ ఒక్క క్షణం నిలవదు. 1907లో లూమియే సోదరులు బంగాళాదుంప పిండి రేణువులకి రంగులద్ది రంగుల ఫోటో పలకలు అమ్మకానికి తెచ్చినప్పుడు, ఒక్కో ఫోటోకి కొన్ని సెకన్లు వెలుగు పట్టేది. తోటలంటే ఎంత ఇష్టమున్నా గాలి వీస్తే వాళ్ళూ ఆగవలసిందే. ఇప్పుడు ఫోను రెప్పపాటులో తీస్తున్నా, ఊగే కొమ్మ ముందు మన పరిస్థితి అదే.

ఫోటోల మీద రంగులు పెంచే ఫిల్టర్లు వాడకండని మాత్రం అడుగుతున్నాను. మా ఎండలో పూసిన పువ్వుకి అరువు రంగులు అక్కర్లేదు. దానికి బదులు ప్రతి ఫోటో కింద తేదీ, వేళ రాయండి. నాలుగు వేసవులు అలా రాసి ఉంచితే, మీ దొడ్లో ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో మీ పిల్లలకి పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది. కుండీలు కొనడానికి డబ్బు లేకపోతే పగిలిన బకెట్టు చాలు. బియ్యం కడిగిన నీళ్ళు కాలవలోకి పారబోయకుండా పొద్దున్నే మొక్కలకి పోయండి. చంద్రకాంతం గింజలు ఎవరింట్లో అడిగినా గుప్పెడు ఇస్తారు. ఈ ఏడు శివరాత్రికి నాలుగు గింజలు పాతండి.