అబ్బా హిసాబు, జెన్ మీటరు

మా ఇంట్లో ఒక జెన్ కారు ఉంది. 2003 మోడల్. అబ్బా ఆర్టీసీ నుంచి రిటైరైన రెండేళ్లకు, అంటే 2006లో, పీఎఫ్ పైసల్లోంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 15 ఏళ్లు నిండినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకు ఇంకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాం. రెండుసార్లూ చుట్టాలంతా "అమ్మేయండి బా, దానికి పెట్టే ఖర్చుతో కిస్తుల మీద కొత్తది వస్తుంది" అన్నారు. అబ్బా రెండుసార్లూ ఖామోష్‌గా చాయ్ తాగారు. కారు ఉండిపోయింది.

నేను చదివింది ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు. బతుకు తెలుగు పేపర్లో. లెక్కలకు నాకూ దూరపు చుట్టరికం కూడా లేదు. అబ్బాకు మాత్రం లెక్కే జిందగీ. ఆర్టీసీ డిపోలో ఆయన చేతి మీదుగా పోయిన కేఎంపీఎల్ పట్టీలు ఎన్నో. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు అన్నదే కేఎంపీఎల్. ఏ డ్రైవరు ఎంత తెచ్చాడో డిపోలో బోర్డు మీద రాసేవాళ్లు. బాగా తెచ్చినవాడు ఛాతీ విరుచుకుని, తక్కువ తెచ్చినవాడు తల వంచుకుని ఆ బోర్డు ముందు నుంచి పోయేవాళ్లని అబ్బా నవ్వుతూ చెప్పేవారు.

ఆ ఆదత్ ఇంటికీ వచ్చింది. కారు కొన్న రోజునే ఒక నల్ల అట్ట కాపీ కొన్నారు. మన ఇళ్లల్లో నోటుపుస్తకాన్ని కాపీ అనే అంటాం కదా. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించడం, తేదీ, మీటరు రీడింగు, లీటర్లు, ఎక్కడికి సఫర్, చివరి గడిలో భాగించిన అంకె. అంతా ఉర్దూలో, ఉర్దూ అంకెల్లో. అలాంటి కాపీలు నాలుగు నిండాయి.

రెండేళ్ల కిందట మోతియాబింద్ ఆపరేషన్ అయ్యాక అబ్బా స్టీరింగ్ నాకిచ్చేశారు. ఎవరూ అడగలేదు. ఒకరోజు ఫజర్ నుంచి వచ్చి తాళాలు నా ముందు పెట్టి "ఇక నువ్వు నడుపు బేటా" అన్నారు, అంతే. అప్పటి నుంచి పక్క సీట్లో కూర్చుని ప్రతి సఫర్‌లో ఒకటే సవాల్. "కిత్తా దేరా రే గాడీ?"

నాకేం తెలుసు? నేను వెయ్యి రూపాయలకు, రెండు వేలకు పోయించుకునే రకం. "ఇస్తోంది అబ్బా, బాగానే ఇస్తోంది" అనేవాణ్ణి. ఆయన కిటికీ వైపు తిరిగేవారు. కాపీలో కొత్త వరుసలు పడటం ఆగిపోయాయి.

మా పెద్దవాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. "పప్పా, కొత్త కార్లలో డ్యాష్‌బోర్డు మీదే చూపిస్తుంది కదా, లీటరుకు ఎంత, ఇంకా ఎంత దూరం పోతుంది అని. మన జెన్‌కి కూడా పెడదాం" అన్నాడు. ఇప్పటి కార్లకు స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. ఓబీడీ అంటారు. అందులో ఒక చిన్న డాంగిల్ గుచ్చితే ఫోన్‌లోకి హిసాబంతా వచ్చేస్తుంది. మా జెన్‌కి ఆ జబాన్ రాదు. కాబట్టి వాడు వేరే రాస్తా వెతికాడు.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి పాత బండి ఉంటే పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మాది ఎంపీఎఫ్ఐ ఇంజిన్. 993 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి. దాని ఒక వైరుకు ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి. రెండో వైరును ఇంజిన్ కంప్యూటరు ఎర్త్ చేసినంతసేపు కుళాయి తెరిచి ఉంటుంది. సెకనులో వెయ్యో వంతుల హిసాబ్ అది. ఆ తెరిచి ఉన్న టైమ్ అంతా కూడితే ఎంత పెట్రోలు పోయిందో తెలుస్తుంది. చక్రం ఎంత తిరిగిందో కూడా తెలిస్తే చాలు, మిగిలింది భాగహారమే. ఆర్డుయినో అనే చిన్న బోర్డు మీద ఈ పని చేసే ప్రోగ్రామ్‌ను కొందరు షౌకీన్లు తయారుచేసి ముఫ్త్‌గా పంచారు. పేరు ఎంపీగ్వినో. దానికి రెండు వరుసల చిన్న డిస్‌ప్లే. మొత్తం ఖర్చు రెండు వేల లోపే.

ఖబర్ విని అబ్బా అన్న మొదటి మాట, "కాపీ పది రూపాయలు రే. ఖాలీ పీలీ పైసే కైకు జలాతే?"

మొదటి బోర్డు నిజంగానే జల్ గయా. ఇంజెక్టర్ మూసుకునేటప్పుడు ఆ వైరులో వోల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. మావాడు మధ్యలో రెసిస్టర్, జీనర్ డయోడ్ పెట్టకుండా వైరు నేరుగా కలిపేశాడు. తప్పు మాదే. రెండోసారి బుద్ధిగా పెట్టాడు.

ఇక చక్రం లెక్క. మా కారు స్పీడోమీటరు కేబుల్‌తో తిరుగుతుంది. దానికి పల్స్ ఎక్కణ్ణుంచి తేవాలి? మీటర్లు రిపేరు చేసే ఒక ఉస్తాద్ దగ్గరికి పోయాం. ఒకప్పుడు హైదరాబాదులో ఆటో మీటర్లు బాగుచేసిన మనిషి. విషయం వినగానే నవ్వాడు. "ఇందులో కొత్త ఏముంది భాయ్? ఆటో మీటర్ కూడా ఇదే కదా. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి పైసలు చూపిస్తుంది. మీది పెట్రోలు చూపిస్తుంది" అన్నాడు. కేబుల్ మధ్యలో ఒక చిన్న అయస్కాంతం, దాని పక్కన సెన్సర్ కూర్చోబెట్టాడు. అసర్‌కు మొదలుపెట్టిన పని మగ్రిబ్‌కు అయిపోయింది. హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పోయి పల్స్‌ల లెక్క సరిచేశాం. ఒక ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నింపి లీటర్ల లెక్క ఎక్కించాం.

ఆ ఆదివారం రాయచోటి సఫర్. అది అమ్మీ మైకా. కడప నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో గువ్వలచెరువు ఘాట్. డిస్‌ప్లే అబ్బా ముందు మెరుస్తోంది. రాయచోటి చేరేసరికి 22 చూపించింది. మావాడు వెనక సీట్లోంచి చప్పట్లు కొట్టాడు.

"ఝూట్" అన్నారు అబ్బా. "ఎక్కే దారిలో 22? మా డిపోలో ఏ డ్రైవరూ ఇంత ఝూట్ చెప్పలేదు."

మావాడికి కోపం వచ్చింది. కంప్యూటరు ఎట్లా ఝూట్ చెప్తుంది దాదా అన్నాడు. అబ్బా వాదించలేదు. ఇంటికి వచ్చాక కాపీ తెచ్చి వాడి ముందు పెట్టారు. రాయచోటి అని ఉన్న వరుసలన్నీ వేలితో చూపించారు. ఎక్కడా 19 దాటలేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని మావాడు తప్పు పట్టుకున్నాడు. ఆ ప్రోగ్రామ్ అమెరికా గ్యాలన్లలో లెక్క వేస్తుంది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. వీడు మన లీటర్లను బ్రిటిష్ గ్యాలన్‌తో, అంటే 4.546తో మార్చి ఎక్కించాడు. సరిచేస్తే ఆ 22 కాస్తా 18 అయింది. పొద్దున్నే దాదా చేతులు పట్టుకుని మాఫీ అడిగాడు. "మాఫీ ఎందుకు రే, చాయ్ పొయ్యి" అన్నారు ఆయన.

ఇంకో సఫర్‌లో మీటరు గెలిచింది. రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో పాలకోవ కొనుక్కుని ఘాట్ దిగాం. ఘాట్ మలుపుల్లో అబ్బా ఎప్పుడూ గేరులోనే దిగేవారు, అది డిపో నేర్పిన పాఠం. కిందికి దిగాక వచ్చే మెత్తటి వాలులో మాత్రం న్యూట్రల్ వేసేవారు. కార్బురేటర్ బండ్ల కాలం ఆదత్. నన్నూ అలాగే వెయ్యమన్నారు. వేశాను. మీటరులో పెట్రోలు కొద్దికొద్దిగా పోతూనే ఉంది, ఇంజిన్ ఆగకుండా తిరగాలి కదా. "ఇప్పుడు గేరులో పెట్టి యాక్సిలరేటర్ వదిలెయ్యి పప్పా" అన్నాడు మావాడు. వదిలేశాను. అంకె సున్నా అయింది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నప్పుడు కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుందట. ఒక్క చుక్క పోదు.

అబ్బా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. సున్నా. "అచ్ఛా. అంటే దిగుడులో ఇంజిన్ రోజా ఉంటుందన్నమాట" అన్నారు. కారంతా నవ్వులు. ఇన్నేళ్ల తన ఆదత్ గలత్ అని తేలినందుకు ఆయన ముఖంలో రవ్వంత కూడా బాధ లేదు.

అప్పుడే మావాడికి ఇంకో షౌక్ పుట్టింది. నాలుగు కాపీల హిసాబంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తానన్నాడు. వాడు ఇంగ్లీషు మీడియం. ఉర్దూ చదవడం రాదు. ఉర్దూలో ఏడు ఇంగ్లీషు వీ లాగా, ఎనిమిది దాన్ని తలకిందులు చేసినట్టు ఉంటాయి. వాడు 17ను 18 అని, 18ను 17 అని రాసి తిట్లు తిన్నాడు. చివరికి నేను చదువుతుంటే వాడు టైపు చేసేటట్టు కుదిరింది. ఇషా తర్వాత రోజూ ఒక గంట. ఇన్నేళ్లలో ఆ కాపీలు నేను విప్పి చూడటం అదే మొదటిసారి.

మూడో కాపీలో 2012, 2013 వచ్చాయి.

అమ్మీకి గుర్దాలు పాడైన కాలం. నేను హైదరాబాదులో డెస్క్‌లో ఉన్నాను. నైట్ డ్యూటీలు. తిరుపతిలో ఇలాజ్. నెలకు రెండుసార్లు అబ్బాయే ఈ జెన్‌లో తీసుకుపోయి తీసుకొచ్చేవారు. పోయి రావడం, ఊళ్లో తిరగడం కలిపి 280 కిలోమీటర్ల పైమాటే. ఆ రోజుల్లో ఒకసారి నేను సెలవు పెట్టి వెంట పోయాను. ఆయన 45, 50 దాటలేదు. లారీలు, బస్సులు, చివరికి ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. రాజంపేట దగ్గర నాకు సబర్ పోయింది. "నాలుగు పైసల పెట్రోలు మిగులుతుందని అమ్మీని ఎద్దుబండిలో తీసుకుపోతున్నారా అబ్బా? టాక్సీ పెట్టుకోమని నేను పైసలు పంపితే వద్దంటిరి" అన్నాను. వెనక సీట్లో పడుకున్న అమ్మీ "చుప్ రే" అంది. అబ్బా ఏమీ అనలేదు. నేను అన్న ఆ మాటను ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, వాపసూ తీసుకోలేదు.

ఇప్పుడు వరుసలు చదువుతున్నాను. తిరుపతి, 284 కిలోమీటర్లు, 14.2 లీటర్లు, 20. తిరుపతి, 19.6. తిరుపతి, 20. మావాడు టైపు చేస్తూ ఆగాడు. "పప్పా, 2008, 2009లో కూడా తిరుపతి సఫర్‌లు ఉన్నాయి. శాదీలకు పోయినవి. అప్పుడు 17 దాటలేదు. అదే కారు, అదే దారి. దాదా ఇక్కడ ఏం చేశారు?"

జవాబు కాపీలోనే ఉంది. ఒక వరుస పక్కన చిన్న అక్షరాల్లో, రోడ్డు మీద గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్నారు. కోడూరుకు ముందు రెండు, దాటాక ఒకటి. మరో వరుస పక్కన, "ఆజ్ సోయీ" అని ఉంది. ఇవాళ నిద్రపోయింది అని. పెట్రోలు మిగలడం ఆ నెమ్మది వల్ల వచ్చింది. ఆ నెమ్మది పెట్రోలు కోసం కాదు.

తర్వాతి పేజీలో తిరుపతి అని ఒక ఆఖరి వరుస. కిలోమీటర్లు ఉన్నాయి, లీటర్లు ఉన్నాయి. భాగించిన అంకె లేదు. నాలుగు కాపీల్లో అది ఒక్కటే ఖాళీ గడి.

మావాడు భాగించాడు. "14.2. ఇదేదో గలత్ ఉంది పప్పా. లీటర్లు సరిగ్గా చదివావా?"

సరిగ్గానే చదివాను. ఆ రోజు అమ్మీని అంబులెన్స్‌లో ఎక్కించారు. వెనక ఈ కారులో అబ్బా ఒక్కరే. నేను హైదరాబాదు బస్సులో ఉన్నాను. నేను చేరేసరికి ఇద్దరూ ఆసుపత్రిలో లేరు. ఒకరు అల్లా దగ్గరికి, ఒకరు కడప దారిలో.

"గలత్ కాదు బేటా, అట్లాగే ఉంచు" అన్నాను.

మరుసటి రోజు అబ్బా ఒక్కరే వరండాలో ఉన్నప్పుడు పోయి పక్కన కూర్చున్నాను. రాజంపేట దగ్గర అన్న మాట గురించి చెప్పాలని. పదకొండేళ్ల బాకీ. "అబ్బా, అప్పుడు తిరుపతి పోయేటప్పుడు నేను ఒక మాట అన్నాను" అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి పైకెత్తి ఆపేశారు. "తేరీ మా కో ఝట్కా లగ్తా థా" అన్నారు. మీ అమ్మకు కుదుపు తగిలేది అని. కాసేపాగి, "నీకు చెప్పొచ్చు, చెప్పలేదు. అది నా గలతీ" అన్నారు. అంతకుమించి మా ఇద్దరికీ మాట రాలేదు.

ఇప్పుడు మా జెన్‌లో మీటరు నడుస్తోంది. అబ్బా పక్క సీట్లో దాన్ని చదువుతారు. నా కాలు కాస్త గట్టిగా పడితే అంకె పడిపోవడం చూసి గొంతు సవరించుకుంటారు. నేను ట్యాంకు నిండా పోయించడం నేర్చుకున్నాను. మొన్న బంకు నుంచి బయటికి రాగానే మీటరు 18.3 చూపించింది. అబ్బా జేబులోంచి కొత్త కాపీ తీశారు. ఐదోది. మీటరు అంకె నమ్మకుండా కిలోమీటర్లు, లీటర్లు రాసుకుని, నోటితో గొణుక్కుంటూ తానే భాగించారు.

"18.1" అన్నారు. "నీ కొడుకు మీటరు కొంచెం ఎక్కువ చెప్తోంది. సరిచేయమను."

వాడు ఆ రాత్రే సరిచేశాడు. అబ్బా తబియత్ కోసం దువా చేయండి.