మూడు ఇండ్లకు ఒక్క లెక్కల టీచరు

పదో తరగతి లెక్కల పాఠం వినడానికి రూపాయి ఖర్చు పెట్టనక్కరలేదు. టీశాట్ విద్య, టీశాట్ నిపుణ చానళ్లలో పాఠాలు వస్తాయి, యూట్యూబ్‌లోనూ ఉంటాయి. కరోనాకు బడులు మూతబడ్డప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి మా దిక్కు పిల్లలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు విన్నారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే దీక్ష యాప్ తెరుచుకుంటుంది. వాస్తవ సంఖ్యలతో మొదలయ్యే పుస్తకంలో మొత్తం 14 అధ్యాయాలు. వాటిలో ఏది కావాలన్నా తెలుగులో ఎవరో ఒకరు చెప్పిన వీడియో దొరుకుతుంది.

దొరకనిది మన పిల్ల నోట్‌బుక్ చూసి "నాలుగో వరుసలో మైనస్ పోయింది, చూసుకో బిడ్డా" అని చెప్పే మనిషి. పైసలు పెడితే ఆ మనిషి సమయానికే పెట్టాలి. నిరుడు మా మూడు ఇండ్లలో పదో తరగతి లెక్కల కోసం చేసిన ఖర్చంతా ఈ ఒక్క నమ్మకం మీదే నడిచింది.

నేను కోరుట్లలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు ఆర్పీని, అంటే రిసోర్స్ పర్సన్‌ను. సంఘాల పొదుపులు, అప్పులు, కిస్తీలు రాయడమే పని. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, నెల మొదట్లో పైసలు పంపుతాడు. చెల్లె వాళ్లది జగిత్యాల, మరిది నెల జీతగాడు. తమ్ముడు సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పని చేస్తాడు, వారం వారం కూలి. మరదలు బీడీలు చేస్తుంది. మా అమ్మాయి, చెల్లె కొడుకు, తమ్ముని పెద్దోడు ముగ్గురూ ఒకే ఏడు పదో తరగతి.

బడిలో పెట్టే ఎస్‌ఏ-1 పరీక్షలో మా అమ్మాయికి లెక్కల్లో 80కి 31 వచ్చాయి. పాస్ కావడానికి 28 చాలు. పాస్ గురించి మా జిల్లాకు పెద్ద బెంగ లేదు. 2018లోనూ 2019లోనూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానం జగిత్యాలదే, 2019లో 99.73 శాతం. నా బెంగ తర్వాతి మెట్టు గురించి. అమ్మాయి ఎంపీసీ తీసుకుంటానంటోంది. మేనల్లుడు పాలిటెక్నిక్ అంటున్నాడు. పాలిసెట్‌లో 120 మార్కులకు 60 లెక్కలవే. 31 మార్కుల లెక్కలతో ఆ రెండు దారుల్లో ఏదీ నడవడం కష్టం.

అప్పుడే ఒక ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఏడాది ప్యాకేజీ 36,000 రూపాయలు, 12 నెలల ఈఎంఐ, నెలకు 3,000, "వడ్డీ అసలే లేదు మేడమ్" అన్నారు. ఒకేసారి కడితే ఎంత అని అడిగాను. 15 శాతం తగ్గించి 30,600కు ఇస్తామన్నారు. వడ్డీ ఎక్కడుందో ఆ జవాబులోనే తెలిసింది. అసలు ధర 30,600. దాన్ని నెలకు 3,000 చొప్పున పన్నెండు కిస్తీల్లో తీర్చి 36,000 కడితే 5,400 అదనం. కిస్తీ కట్టిన కొద్దీ అసలు తగ్గుతుంది కాబట్టి, ఆ లెక్కన ఏడాదికి దాదాపు 31 శాతం పడుతుంది. మన భాషలో నూటికి రెండున్నర రూపాయల పైన వడ్డీ. మా సంఘాల్లో బ్యాంకు అప్పు రూపాయి వడ్డీ దాటదు. పిల్ల చదువు పేరు చెప్పి రెండున్నర రూపాయల అప్పును ఇంట్లోకి రానివ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకో సంగతి. కోచింగ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 36,000లో సుమారు 5,490 పన్నుకే పోతుంది. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటని టీచరు సొంతంగా ట్యూషన్ చెబితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు, కాబట్టి మనం ఇచ్చిందంతా ఆ మనిషికే చేరుతుంది. "80సీలో చూపించుకోవచ్చా వదినా?" అని మరిది అడిగాడు. బడి, కాలేజీలకు కట్టే ట్యూషన్ ఫీజుకే ఆ మినహాయింపు. ప్రైవేటు ట్యూషన్‌కు వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80సీ మాటే లేదు.

ఇలాంటి ఫోన్ వచ్చిన తల్లిదండ్రులెవరైనా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ, ఆన్‌లైన్ చదువుల కంపెనీలకు ఖాతా నుంచి ఫీజు తనంతట తాను కోసుకునే ఆటో డెబిట్ అనుమతి ఇవ్వొద్దని హెచ్చరించింది. డిజిటల్ అప్పుల మీద రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అప్పు ఇచ్చేవాళ్లు మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతం పడుతుందో రాసిన కాగితం ముందే చూపించాలి. తీసుకున్నాక మనసు మారితే కొద్ది రోజుల్లో జరిమానా లేకుండా బయటపడే వీలూ ఇవ్వాలి. ఆ కాగితం అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. ఫీజు తిరిగివ్వకుండా సతాయిస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మేం వెతికింది మనిషిని. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి కరీంనగర్‌లో బీఈడీ చదువుతున్న ఒక అమ్మాయి చెల్లెకు తెలిసింది. గంటకు 400 అడిగింది. ఒక్క ఇంటికి అది భారమే. ముగ్గురు పిల్లల్ని ఒకేసారి గూగుల్ మీట్‌లో కూర్చోబెడితే? వారానికి మూడు గంటలు, నెలకు 4,800, ఇంటికి 1,600. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఇంటికి 6,400 అయింది.

ఒక్కరికే చెబితే ఎక్కువ లాభమని నాకు తెలుసు. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త 1984లోనే ఆ మాట లెక్కలతో చూపించాడు. విడిగా టీచరు దొరికిన సగటు పిల్లవాడు మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడు. అందరికీ తలా ఒక టీచరును పెట్టే స్తోమత ఎవరికుంటుందన్నదే ఆయన వేసిన ప్రశ్న కూడా. మా స్తోమతకు ముగ్గురికి ఒకరు కుదిరింది. పిల్లలు ముందురోజే లెక్కలు చేసి నోట్‌బుక్ ఫొటోలు వాట్సాప్‌లో పంపాలి, గంటంతా ఆ తప్పుల మీదే నడవాలి, కొత్త పాఠం చెప్పొద్దు. ఇవీ మా షరతులు. పాఠం ఎలాగూ ఉచితమే.

మొదటి వారాల్లోనే టీచరు ఒక మాట చెప్పింది. మా అమ్మాయికి వర్గ సమీకరణం సూత్రం వచ్చు, మధ్యగతం సూత్రం వచ్చు. హారంలో భిన్నం వస్తే ఆగిపోతోంది. మేనల్లుడు త్రికోణమితిలో బాగానే ఉన్నాడు, కుండలీకరణం ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మార్చడం మరుస్తున్నాడు. ఇద్దరి లోపమూ ఏడో తరగతిలోది! పదో తరగతి ప్యాకేజీకి 36,000 పోసినా ఆ లోపం ఎక్కడా కనిపించేది కాదు. సరైన జవాబు, తప్పు జవాబు అని చెప్పే యాప్ తప్పును మాత్రమే చూపిస్తుంది. తప్పు ఎక్కడ పుట్టిందో రాసిన వరుసలు చదివితేనే తెలుస్తుంది. స్టెప్ మార్కులు దక్కేదీ ఆ వరుసల్లోనే.

డబ్బు కట్టే తీరు మీద ఎక్కువ మాట్లాడుకున్నాం, ఎందుకంటే మూడు ఇండ్లకు పైసలు మూడు తీర్ల వస్తాయి. "నెలకు ఒక్కసారే అంటే నాతోని కాదక్కా, వారం వారం ఇస్త" అన్నాడు తమ్ముడు. వారానికి 400 చొప్పున నాకు ఫోన్‌పే చేశాడు. నెల మొదట టీచరుకు మొత్తం నేనే పంపాను, చదువుకునే అమ్మాయి తన ఫీజు కోసం ఎదురుచూడొద్దని. సాంచాలు బందైన వారాల్లో తమ్ముని వాటా నేనూ చెల్లె సగం సగం వేసుకున్నాం, పని దొరికాక వాడు తీర్చాడు. సిరిసిల్లలో ఆర్డర్ల మీదే బతుకు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్న నెలలు, లేని నెలలు ఒకే తీరుగా ఉండేవి కావు. అలాంటి ఇంటికి ప్రతి నెలా ఒకే తేదీన 3,000 కోసుకునే ఈఎంఐ సరిపడదు.

బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల దాకా ఉంటుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మరదలికి బీడీ కార్మికుల కార్డు ఉంది కాబట్టి మేనల్లునికి చేయించాను. చిన్న మొత్తమే అయినా హక్కుగా వచ్చే పైసను వదలొద్దు.

ప్రీ ఫైనల్‌లో మా అమ్మాయికి 54 వచ్చాయి. చెల్లె కొడుకుకు పెద్ద తేడా రాలేదు, వాడికి ఇంకా ముందునుంచే సాయం కావాల్సింది. అందుకే ఈసారి పదో తరగతి దాకా ఆగడం లేదు. తమ్ముని చిన్న బిడ్డ ఏడో తరగతి ముగించింది. వేసవిలో వారానికి రెండు గంటలు భిన్నాలు, గుర్తులు, సామాన్య సమీకరణాలు, అంతే. బీఈడీ పరీక్షలు ముగిశాక మొదలుపెడదామంది టీచరు. గంటకు 450 ఇస్తామని మేమే చెప్పాం. చెల్లె పక్కింటి ఏడో తరగతి పిల్ల కూడా చేరుతోంది, ఇంటికి గంటకు 225 పడుతుంది.